16 ఏళ్ళ అమ్మాయికి స్లీవా, బైపాసా, మినీ బైపాసా?

అమ్మా, మీరు రాసింది మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. అమ్మాయికి 16 ఏళ్ళు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 122 కిలోలు. ఏడాది కిందట షుగర్ బయటపడింది, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపించే రక్తపరీక్ష) 8 దగ్గరే ఉంది, రాత్రి గట్టిగా గురక పెడుతుంది, మెడ చుట్టూ నల్లగా ఉంది. బరువు తగ్గించే ఆపరేషన్ కోసం అడిగితే ఒక హాస్పిటల్లో స్లీవ్ చేద్దాం అన్నారు, ఇంకో చోట మినీ బైపాస్ అయితే షుగర్ పూర్తిగా పోతుంది అన్నారు, మీ ఆడపడుచు వాళ్ళేమో కోత లేకుండా బెలూన్ వేయిస్తే సరిపోతుంది కదా అంటున్నారు. వీటిలో ఏది మంచిది అని మీ ప్రశ్న.

నేను సర్జన్ని కాదు, బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) టీమ్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న డైటీషియన్ని. ఆపరేషన్ రోజు సర్జన్ది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఫోన్లు వచ్చేది మాకే, కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా ఆ తర్వాతి జీవితం వైపు నుంచి ఉంటుంది, చివరి నిర్ణయం మాత్రం మీ సర్జన్, పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌తో (హార్మోన్ల డాక్టర్‌తో) కూర్చుని తీసుకోవాలి.

ముందు సూటిగా నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత ఎందుకో వివరంగా చెప్తాను. బెలూన్ వద్దు. మినీ బైపాస్ ఈ వయసులో వద్దు. స్లీవ్, మామూలు బైపాస్ ఈ రెండింటి మధ్యే ఆలోచించండి. ఆ రెండిట్లో ఏది అన్నది ఎన్ని కిలోలు తగ్గుతుంది అన్నదాన్ని బట్టి కాదు, ఎండోస్కోపీలో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూసినప్పుడు, అన్నవాహిక ఎలా ఉంది, ఒంట్లో ఐరన్ ఎంత ఉంది, మీ అమ్మాయి రోజూ మాత్రలు వేసుకునే మనిషేనా కాదా, వీటిని బట్టి తేలాలి.

అసలు ఆపరేషన్ దాకా వెళ్ళాలా అని మీ వారికి అనుమానం అన్నారు, అది న్యాయమైన అనుమానమే. మీరు ఇచ్చిన లెక్క ప్రకారం బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 47.7 వస్తుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2023 జనవరిలో ఇచ్చిన గైడ్‌లైన్‌లో 13 ఏళ్ళు దాటిన పిల్లలకి బీఎంఐ 40 దాటితే గానీ, 35 దాటి దాంతో పాటు షుగర్, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) లాంటి జబ్బులు ఉంటే గానీ సర్జరీ టీమ్‌కి పంపించమని ఉంది (చిన్న వయసు వాళ్ళకి వయసుని బట్టి ఇంకాస్త తక్కువ అంకె కూడా లెక్కలోకి వస్తుంది). పంపించమన్నారంటే వెంటనే చేసేయమని కాదు, అన్నీ పరీక్షించి మాట్లాడమని. మీ అమ్మాయి ఈ గీత దాటి చాలా దూరం వచ్చేసింది. ఇంకో మాట, పెద్దవాళ్ళకి 2022లో ఈ గీతల్ని బాగా కిందికి దించారు, షుగర్ ఉంటే 30కే చేయొచ్చని, ఆసియా వాళ్ళకి అంతకంటే కిందికని. ఆ పెద్దవాళ్ళ లెక్క పట్టుకొచ్చి 31, 32 బీఎంఐ ఉన్న పిల్లలకి కూడా చేద్దాం అనేవాళ్ళు కనిపిస్తున్నారు, చదివేవాళ్ళలో అలాంటి పిల్లల తల్లిదండ్రులు ఉంటే దయచేసి ఆగండి, మీ విషయం వేరు.

నోరు కట్టుకుంటే తగ్గదా, పొద్దున్నే లేచి నడిస్తే తగ్గదా అని చుట్టాలు అంటూనే ఉంటారు. దీనికి స్వీడన్‌లో చేసిన స్టడీ ఒకటి చెప్పాలి. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 50 మందిని తీసుకుని, చీటీలు తీసినట్టు ఎంపిక చేసి, సగం మందికి ఆపరేషన్ చేశారు, మిగతా సగం మందికి డైట్, కౌన్సెలింగ్ అన్నీ కలిపి గట్టి ట్రీట్‌మెంట్ ఇచ్చారు, 2023లో ఆ రిజల్ట్స్ వచ్చాయి. రెండేళ్ళకి ఆపరేషన్ అయినవాళ్ళ బీఎంఐ 12.6 పాయింట్లు తగ్గింది, రెండో గుంపులో తగ్గింది 0.2. ఒక టీమ్ మొత్తం వెంటపడి చూసుకున్నా అంతే తగ్గింది అంటే ఇది మీ పెంపకం లోపమూ కాదు, పిల్ల బద్ధకమూ కాదు, ఆ బరువు దగ్గరికి వెళ్ళాక శరీరమే దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఈ మాట మీ అమ్మాయికి కూడా చెప్పండి, ఆ వయసు పిల్లలు మొత్తం తప్పు తమదే అనుకుని లోపల్లోపల కుమిలిపోతుంటారు.

షుగర్ సంగతి. యాభై ఏళ్ళకి వచ్చే షుగర్ వేరు, పదహారేళ్ళకి వచ్చే షుగర్ వేరు, ఇది చాలా దూకుడుగా ఉంటుంది, మందులకి త్వరగా లొంగకుండా పోతుంది, కిడ్నీ, కంటి ఇబ్బందులు ముప్పై ఏళ్ళ లోపే మొదలవుతాయి. అమెరికాలో టుడే అనే స్టడీలో మందులు వాడిన పిల్లల్నీ, టీన్ ల్యాబ్స్ అనే స్టడీలో ఆపరేషన్ చేయించుకున్న పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండేళ్ళలో మందుల వాళ్ళ సగటు హెచ్‌బీఏ1సీ 6.4 నుంచి 7.8కి పెరిగింది, ఆపరేషన్ వాళ్ళది 6.8 నుంచి 5.5కి దిగింది. మీ అమ్మాయి ఇప్పటికే 8 దగ్గర ఉంది కాబట్టి నాకు షుగరే అన్నిటికంటే పెద్ద కారణంగా కనిపిస్తుంది, మీరు ప్రశ్నలో బరువు గురించి ఎక్కువ రాశారు గానీ.

ఇక ఆపరేషన్లు. స్లీవ్ అంటే పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు, మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. పేగుల జోలికి వెళ్ళరు. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసింది మళ్ళీ రాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, కొంతమంది స్లీవ్ అంటే ఏదో తొడిగి తర్వాత తీసేస్తారు అనుకుంటున్నారు. మామూలు బైపాస్, డాక్టర్లు రూ ఎన్ వై అంటారు, అందులో పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి దాన్ని కింద చిన్నపేగుకి కలుపుతారు, మిగతా పొట్ట లోపలే ఉంటుంది గానీ తిన్నది అటు వెళ్ళదు, పేగు మొదటి భాగం కూడా తప్పిపోతుంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది సరిగ్గా ఆ మొదటి భాగంలోనే.

బరువు తగ్గడంలో ఏది గొప్ప అంటే, పిల్లల్లో పదేళ్ళ లెక్క 2024లో వచ్చింది, అదే టీన్ ల్యాబ్స్ నుంచి, 260 మంది పిల్లలు, అందులో 161 మందికి బైపాస్, 99 మందికి స్లీవ్. పదేళ్ళ తర్వాత సగటున బైపాస్ వాళ్ళ బీఎంఐ 20.6 శాతం, స్లీవ్ వాళ్ళది 19.2 శాతం తక్కువగా ఉంది. తేడా లేనట్టే. అందుకే బైపాస్ అయితే ఎక్కువ తగ్గుతుంది అన్న ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోవద్దు అంటున్నా.

ఈ శాతాన్ని మీ అమ్మాయి లెక్కలోకి మార్చి చూపిస్తా ఎందుకంటే ఆశలు ఇక్కడే తేడా వస్తాయి. మొదటి మూడేళ్ళలో సగటు తగ్గుదల 27 శాతం, అంటే 122 నుంచి సుమారు 89 కిలోలు. తర్వాత కొంత తిరిగి వస్తుంది, పదేళ్ళ సగటు పట్టుకుంటే 98 కిలోల దగ్గర ఉంటుంది. ఇది సగటు మాత్రమే, ఇంకా బాగా తగ్గేవాళ్ళూ ఉన్నారు, దాదాపు మొత్తం తిరిగొచ్చేవాళ్ళూ ఉన్నారు. 55 కిలోలకి వస్తుందని ఎవరైనా మీకు ఫోటోలు చూపించి చెప్తే నమ్మకండి. షుగర్ కూడా అలాగే, మూడేళ్ళకి 95 శాతం మందికి మందులు లేకుండా అదుపులోకి వచ్చింది, పదేళ్ళకి ఆ అంకె 55 శాతానికి దిగింది. పూర్తిగా పోతుంది అన్న మాట ఎవరన్నా అది అతిశయోక్తే, అది స్లీవ్ గురించి చెప్పినా మినీ బైపాస్ గురించి చెప్పినా. అయినా పదేళ్ళ తర్వాత కూడా సగం మందికి పైగా షుగర్ లేకుండా ఉండటం చిన్న విషయం కాదు, మందులతో ఇప్పటిదాకా పిల్లల్లో అంత రాలేదు.

మరి బరువులో తేడా లేకపోతే ఎక్కడ తేడా ఉంది? స్లీవ్‌కి పెద్ద ఇబ్బంది యాసిడ్ పైకి తన్నడం. సన్నటి గొట్టం కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, పడుకుంటే గొంతులోకి నీళ్ళు రావడం, ఇవి ముందు లేనివాళ్ళకి కొత్తగా కూడా వస్తాయి. ఫిన్‌లాండ్‌లో పెద్దవాళ్ళ మీద చేసిన స్టడీలో పదేళ్ళకి ఎండోస్కోపీ చేస్తే స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి అన్నవాహిక ఒరిసి పుండు పడి ఉంది, బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికి. పదహారేళ్ళ పిల్ల ఇంకా అరవై ఏళ్ళు ఆ గొట్టంతోనే బతకాలి, అందుకే ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ తప్పనిసరి, దాంట్లో ఇప్పటికే పుండు గానీ పెద్ద హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) గానీ కనిపిస్తే నేను బైపాస్ వైపే మొగ్గుతాను. ఎండోస్కోపీ లేకుండా డేట్ ఇచ్చే చోట మాత్రం చేయించవద్దు.

బైపాస్‌కి పెద్ద ఇబ్బంది ఐరన్, ముఖ్యంగా ఆడపిల్లలకి. అదే టీన్ ల్యాబ్స్ పిల్లల్లో ఐదేళ్ళకి ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) తక్కువ ఉన్నవాళ్ళు బైపాస్‌లో 71 శాతం, స్లీవ్‌లో 45 శాతం. మన దగ్గర ఆడపిల్లలకి ఆపరేషన్ లేకుండానే రక్తం తక్కువ, నెలసరి ఎక్కువ పోయే పిల్ల అయితే ఇక చెప్పక్కర్లేదు. చాలామంది హిమోగ్లోబిన్ 11 ఉంది కదా బాగానే ఉంది అనుకుంటారు, హిమోగ్లోబిన్ చివర్లో పడిపోతుంది, ఒంట్లో దాచుకున్న ఐరన్ ముందే అయిపోయి ఉంటుంది, దాన్ని చూపించేది ఫెర్రిటిన్. పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల నెలసరి తప్పే సమస్య) ఉన్న కొంతమందికి బరువు తగ్గగానే ఆగిపోయిన నెలసరి మళ్ళీ మొదలవుతుంది, అది మంచి విషయమే గానీ ఐరన్ ఖర్చు కూడా అప్పుడే పెరుగుతుంది.

బైపాస్‌తో ఇంకో రెండు విషయాలు చెప్తా, ఇవి హాస్పిటల్లో డిశ్చార్జ్ కాగితం మీద ఉంటాయి గానీ ఎవరూ చదవరు. ఒకటి నొప్పి మాత్రలు. నెలసరి నొప్పికి మన ఇళ్ళలో మెఫ్టాల్ స్పాస్ అలవాటుగా వేసుకుంటారు, బైపాస్ అయినవాళ్ళు అది, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి వాడితే పొట్ట పేగు కలిపిన చోట పుండు పడుతుంది, అది పగిలి ఎమర్జెన్సీ అయ్యే కేసులు ఉంటాయి, పారాసిటమాల్ వరకే. హాస్టల్లో స్నేహితురాలు ఇచ్చిన మాత్ర వేసుకునే వయసు అది, కాబట్టి ఈ విషయం మీకంటే తనకి ఎక్కువ తెలిసి ఉండాలి. రెండోది పేగు మెలిక. బరువు తగ్గాక లోపల ఖాళీలు ఏర్పడి పేగు ఒక సందులోకి జారి ఇరుక్కుపోవచ్చు, దీన్ని ఇంటర్నల్ హెర్నియా అంటారు, ఆపరేషన్ అయిన రెండు మూడేళ్ళకి కూడా వస్తుంది. తిన్నాక పొట్టలో మెలిపెట్టే నొప్పి వచ్చి పోతుంటుంది, బయట డాక్టర్లు గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేస్తారు. బైపాస్ అయిన పిల్లకి గట్టి కడుపునొప్పి వస్తే అది వేరే అని రుజువయ్యేదాకా ఇదే అనుకుని సీటీ స్కాన్ ఉన్న చోటికి, బేరియాట్రిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళాలి.

స్వీట్లు ఎక్కువ తింటే బైపాస్ వాళ్ళకి డంపింగ్ వస్తుంది, చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం. సంక్రాంతికి రెండు అరిసెలు తిని భయపడి ఫోన్ చేసే పిల్లలు ఉంటారు. ప్రమాదం తక్కువే, బాధ ఎక్కువ.

మినీ బైపాస్ ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో అది చాలా ఎక్కువగా చేస్తారు, పెద్దవాళ్ళలో మంచి ఫలితాలు ఉన్నాయి, చేసేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అందులో పొట్టని పొడుగు గొట్టంలా చేసి దాన్ని ఒకే చోట పేగుకి కలుపుతారు, ఆపరేషన్ టైమ్ తక్కువ, ఒక కలయిక తక్కువ. కానీ సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్ల పేగుని తప్పించేస్తారు, అంత పొడుగు తప్పిస్తే కొవ్వు, ప్రోటీన్, విటమిన్లు అన్నీ తక్కువగా ఒంటికి పడతాయి, పైగా పైత్యరసం పొట్టలోకి తన్నే అవకాశం ఉంది. ఫ్రాన్స్‌లో పెద్దవాళ్ళ మీద రెండు రకాల బైపాస్‌లనీ పోల్చిన స్టడీ 2019లో వచ్చింది, 200 సెంటీమీటర్లు తప్పించిన మినీ బైపాస్‌లో బరువు మామూలు బైపాస్‌తో సమానంగానే తగ్గింది, కానీ సీరియస్ కాంప్లికేషన్లు 42 వచ్చాయి, మామూలు బైపాస్‌లో 24. ఆ 42లో తొమ్మిది పోషకాహార లోపం వల్లే, మామూలు బైపాస్‌లో అలాంటిది ఒక్కటీ లేదు. పెద్దవాళ్ళే అలా ఇబ్బందిపడితే, మాంసం తినని, మాత్రలు మర్చిపోయే, రేపు పెళ్ళయి పిల్లల్ని కనాల్సిన పదహారేళ్ళ పిల్లకి అది ఎందుకు? పిల్లల్లో దీని గురించి పదేళ్ళ సమాచారం స్లీవ్, బైపాస్‌లకి ఉన్నంత లేదు, నాకు అది ఒక్కటే చాలు వద్దనడానికి. పేగుని ఇంకా ఎక్కువ తప్పించే డుయోడినల్ స్విచ్ లాంటివి కూడా ఇదే కారణంగా పిల్లలకి వద్దు.

బ్యాండ్ గురించి మీరు అడగలేదు, కానీ ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. పొట్ట చుట్టూ సిలికాన్ పట్టీ వేస్తారు, తీసేయొచ్చు కాబట్టి పిల్లలకి మంచిదేమో అనిపిస్తుంది. అమెరికాలో 18 ఏళ్ళ లోపు వాళ్ళకి దానికి అనుమతే లేదు. ఆస్ట్రేలియాలో పిల్లలకి బ్యాండ్ వేసిన స్టడీలో బరువు బాగానే తగ్గింది గానీ రెండేళ్ళలోనే పావు వంతుకి పైగా పిల్లలకి మళ్ళీ సరిచేసే ఆపరేషన్ అవసరమైంది. ఇప్పుడు దాదాపు ఎవరూ వేయట్లేదు.

బెలూన్ అంటే పొట్టలో ఒక సంచి పెట్టి నీళ్ళతో నింపుతారు, ఎక్కువ రకాలు ఆరు నెలలకి తీసేయాలి. ఉన్నన్నాళ్ళు కొంత తగ్గుతుంది, తీశాక ఎక్కువమందికి తిరిగి వస్తుంది. 47 బీఎంఐకి, షుగర్ ఉన్న పిల్లకి ఇది ఖర్చు, వాంతులు తప్ప ఏమీ మిగల్చదు, తర్వాత చూశావా అది కూడా పనిచేయలేదు అని పిల్ల ఇంకా కుంగిపోతుంది. మీ ఆడపడుచు గారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు.

దీనికంటే నిజంగా ఆలోచించాల్సింది ఇంజెక్షన్ల గురించి. సెమాగ్లూటైడ్ వారానికి ఒక ఇంజెక్షన్, 12 నుంచి 18 లోపు పిల్లల మీద చేసిన స్టడీలో 68 వారాలకి బీఎంఐ సగటున 16.1 శాతం తగ్గింది, అమెరికాలో 2022 చివర్లో 12 ఏళ్ళు దాటిన పిల్లలకి అనుమతి ఇచ్చారు. మన దేశంలోకి వీగోవీ పేరుతో 2025లో వచ్చింది. బీఎంఐ 36, 37 ఉన్న పిల్ల అయితే నేను ముందు ఇదే అడిగి చూడమని చెప్పేదాన్ని. మీ అమ్మాయి విషయంలో కూడా ఎండోక్రైనాలజిస్ట్‌ని తప్పకుండా అడగండి, ఆపరేషన్ ముందు కొంత తగ్గించడానికైనా, తర్వాత బరువు తిరిగి రాకుండానైనా పనికొస్తుంది. కానీ ఆపేస్తే బరువు తిరిగి వస్తుంది కాబట్టి అది ఏళ్ళ తరబడి సాగే ఖర్చు, 47 నుంచి 16 శాతం తగ్గితే 40 దగ్గర ఆగుతుంది.

18 నిండేదాకా ఆగుదామా అని రాశారు, ఇన్సూరెన్స్ కోసం. నిజమే, ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనల్లో ఈ ఆపరేషన్‌కి 18 ఏళ్ళు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగర్ లాంటి తీవ్రమైన జబ్బు ఉండాలి అని రాసి ఉంది, కాబట్టి ఇప్పుడు చేయిస్తే మొత్తం మీ జేబులోంచే. లక్షల్లో ఖర్చు, తేలిగ్గా చెప్పే విషయం కాదు. కానీ ఆగడానికి కూడా ఒక ఖర్చు ఉంది. స్వీడన్‌లో బైపాస్ చేయించుకున్న పిల్లలు సగటున 45.5 బీఎంఐ దగ్గర మొదలుపెట్టి ఐదేళ్ళకి 32.3 దగ్గర ఉన్నారు. అమెరికాలో సిన్సినాటిలో చేసిన పిల్లలు 58.5 దగ్గర మొదలుపెట్టి ఎనిమిదేళ్ళకి 41.7 దగ్గర ఉన్నారు. రెండు చోట్లా తగ్గింది సుమారు 29 శాతమే, కానీ ఎక్కడ మొదలుపెట్టారో దాన్ని బట్టి ఎక్కడ ఆగారో మారిపోయింది. మీ అమ్మాయి ఏడాదికి పది కిలోలు పెరుగుతోంది అన్నారు, ఇంకో రెండేళ్ళు షుగర్ 8 మీదే నడుస్తుంది. నేనైతే ఆగమని చెప్పను, కానీ ఇంజెక్షన్‌తో ఆ పెరుగుదల ఆగి షుగర్ దిగితే 18 దాకా ఆగడం తప్పేమీ కాదు. ఆరు నెలలు వాడి చూసి నిర్ణయించుకోండి.

ఇప్పుడు ఆపరేషన్ తర్వాతి సంగతి. మొదటి రెండు వారాలు పలచటివే, మజ్జిగ, పప్పుకట్టు, ప్రోటీన్ పౌడర్ కలిపిన పాలు, తర్వాత మెత్తగా చేసినవి, నెల దాటాక మెల్లగా మామూలు తిండి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి, మన తిండిలో ఇదే కష్టం. ఇడ్లీ, ఉప్మా, సేమియా మెత్తగా దిగిపోతాయి కాబట్టి పిల్లలు వాటికే అలవాటు పడతారు, అన్నం తిన్నా పప్పు రెండు చెంచాలే. ప్లేట్‌లో ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్, గట్టి పప్పు అయిపోవాలి, తర్వాతే కూర, చివర్లో అన్నం. తింటూ నీళ్ళు తాగకూడదు. ఐరన్ మాత్ర టీ తోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు, కాల్షియం మాత్రకీ దానికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. మల్టీవిటమిన్, బి12, డి విటమిన్, ఇవి జీవితాంతం, ఆర్నెల్లకో ఏడాదికో రక్తపరీక్ష జీవితాంతం. స్లీవ్ అయితే విటమిన్లు అక్కర్లేదు అని ఎవరో చెప్పారని రాశారు, అది తప్పు.

ఈ ఒక్క విషయం మాత్రం ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఏ ఆపరేషన్ అయినా సరే, మొదటి కొన్ని నెలల్లో రెండు మూడు రోజులు వరసగా వాంతులు అయితే ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటిపోతుంది. అప్పుడు దగ్గర్లో ఉన్న ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నీరసంగా ఉంది అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు, థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ మిగిలిన కాస్తా ఖర్చయిపోయి నరాలు, మెదడు దెబ్బతింటాయి, కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోవడం, చూపు రెండుగా కనపడటం, మతి తప్పడం. బైపాస్ తర్వాత ముగ్గురు ఆడపిల్లలకి ఇలా బెరిబెరి వచ్చిందని 2004లోనే అమెరికా డాక్టర్లు రాశారు. ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్, అని మీరు గట్టిగా అడగాలి, మొహమాటపడొద్దు.

ఎప్పుడు చేయించాలి అన్నదానికి, ఇంటర్ సెకండియర్ మధ్యలో వద్దు. రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున ఐదు నుంచి రాత్రి పదిదాకా కూర్చోబెడితే గంటగంటకీ గుక్కెడు నీళ్ళు, ఆరుసార్లు కొంచెం కొంచెం తినడం కుదరదు. కనీసం మొదటి మూడు నాలుగు నెలలు మీ కళ్ళ ముందు, ఇంట్లో ఉండాలి, డే స్కాలర్‌గా మార్చడం కుదిరితే ఇంకా మంచిది. తర్వాత ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాక ఇంకో విషయం, ఈ ఆపరేషన్ల తర్వాత మందు, అంటే ఆల్కహాల్, చాలా తొందరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం కూడా ఎక్కువ. మా పిల్ల అలాంటిది కాదు అని ప్రతి తల్లీ అంటుంది, అయినా ముందే చెప్పి ఉంచండి.

మీ అత్తగారు సంబంధాలు చూసేలోపు అయిపోవాలి అంటున్నారని రాశారు. ఆ తొందర పిల్ల మీద పెట్టకండి. పెళ్ళయినా ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం రాకూడదు, బరువు దిగే ఆ టైమ్‌లో కడుపులో బిడ్డకి పోషకాలు అందవు. ఇప్పటిదాకా పీసీఓడీ వల్ల నెలసరి రాని పిల్లకి బరువు తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, కాబట్టి వయసొచ్చిన పిల్లతో ఈ మాటలు సిగ్గుపడకుండా మాట్లాడాలి.

మీ ఉత్తరం మొత్తంలో ఆపరేషన్ గురించి మీ అమ్మాయి ఏమనుకుంటుందో ఒక్క ముక్క కూడా లేదు, నన్ను అన్నిటికంటే అదే ఎక్కువ ఆలోచింపచేసింది. టీమ్‌లో సైకాలజిస్ట్ తనతో ఒంటరిగా మాట్లాడాలి, మీరు బయట కూర్చోవాలి. నాకు వద్దు అంటే ఆగాలి. వేళాపాళా లేకుండా దొంగచాటుగా తినే అలవాటు, చేతులు కోసుకోవడం లాంటివి, స్కూల్లో ఏడిపించడం, ఇవన్నీ ముందు బయటికి రావాలి, ఎందుకంటే బరువు తగ్గితే మనసు దానంతట అదే బాగైపోదు. స్వీడన్‌లో ఆపరేషన్ అయిన పిల్లల్ని ఐదేళ్ళు చూస్తే మానసిక వైద్యం, మందుల అవసరం తగ్గలేదు. కౌన్సెలింగ్ ఆపరేషన్ తర్వాత కూడా సాగే చోటే చేయించండి.

కాబట్టి ఎండోస్కోపీ శుభ్రంగా ఉంటే, ఫెర్రిటిన్ తక్కువగా ఉంటే నా ఓటు స్లీవ్‌కి, రేపు అవసరమైతే దాన్ని బైపాస్‌గా మార్చే దారి కూడా ఉంటుంది. అన్నవాహికలో పుండు ఉంటే బైపాస్, అప్పుడు ఐరన్ విషయంలో మొదటి రోజు నుంచీ పట్టుదలగా ఉండాలి, మాత్రలు చాలకపోతే ఐరన్ సెలైన్ ఎక్కించుకోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి.

ఈలోపు చేయించాల్సినవి, నిద్ర పరీక్ష ముందు, ఆ గురక స్లీప్ ఆప్నియా అయితే మత్తు ఇచ్చే డాక్టర్‌కి అది తెలిసి తీరాలి, కొన్నాళ్ళు సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపేది) వాడాకే ఆపరేషన్ అంటారు. ఎండోస్కోపీ, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళకి అల్ట్రాసౌండ్, ఫెర్రిటిన్, బి12, డి విటమిన్, థైరాయిడ్, లివర్, కళ్ళ డాక్టర్ దగ్గర షుగర్ పరీక్ష. ఐదేళ్ళ లోపే బాగా లావెక్కింది అని ఒకచోట రాశారు, అది నిజమైతే జన్యు పరీక్ష గురించి కూడా అడగండి, కొన్ని జన్యు లోపాల్లో ట్రీట్‌మెంటే వేరుగా ఉంటుంది. రిపోర్టులు వచ్చాక పేరు, ఫోన్ నంబర్ కనపడకుండా చేసి పెట్టండి, చూసి చెప్తాను.